కడలి యొడ్డున మొలచు పూలు

మధ్యధరా సముద్రమున మాల్టా యను చిన్న దీవి కలదు. దాని నైరుతి తీరమున సున్నపురాతి కొండలు నిట్టనిలువుగా నీటిలోనికి దిగును. ఆ కొండచరియల పగుళ్ళలో, మన్ను చారెడైనను నిలువని చోట, సముద్రపు తుంపురులలో నిత్యము తడియుచు ఒక పొద పెరుగును. దాని ఆకు దళసరి. పూవు ఊదారంగు కుచ్చు. ఆ దీవివారు తమ భాషలో దానిని 'సముద్రపు చెవి' యని పిలుతురు. మాల్టాలోను, ప్రక్కనున్న గోజో దీవిలోను దప్ప లోకమున మరెచ్చటను ఈ మొక్క తనంత తాను మొలవదు. రాతిగనుల త్రవ్వకము వలనను, పరదేశములనుండి తెచ్చిన మొక్కల తాకిడి వలనను దీనికి ముప్పు వాటిల్లినది. ఆ చిన్న దేశము దీనిని తన జాతీయ మొక్కగా నిలుపుకొన్నది.

సబ్బవరము వంటి మెట్ట ఊరిలో కూర్చుండి మాల్టా పూవును గురించి చెప్పుకొననేల యని శ్రోతలు అడుగవచ్చును. మా ఊరినుండి సముద్రము కంటికి కనబడదు. అయినను అది దూరము కాదు. పరవాడ మీదుగా దక్షిణముగా పోయినచో ముత్యాలమ్మపాలెము రేవు వచ్చును. తూర్పుగా పోయినచో విశాఖపట్టణపు టొడ్డు. కార్తీకమున వనభోజనములకును, మాఘపూర్ణిమనాడు సముద్రస్నానమునకును మా ప్రాంతపు కుటుంబములు ఒకనాడు బండ్లు కట్టుకొని పోయెడివి; నేడు బస్సులలోను కారులలోను పోవుచున్నవి. పోయినవారము అలలను చూతుము, దూరమున నిలిచిన ఓడలను లెక్కపెట్టుదుము, పిల్లలకు మరమరాలు కొనిపెట్టుదుము. కాలిక్రింది మొక్కను మాత్రము చూడము. చూచినను పిచ్చిమొక్క యనుకొందుము. ఆ పిచ్చిమొక్కలను గురించియే ఈ పూట నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ మొక్కల కథ తక్కినవారికంటె మెట్టరైతునకు ముందుగా బోధపడవలెను. ఏలయన ఇరువురి కష్టమును ఒక్కటియే, అది దప్పి. ఎదుట అంత నీరుండగా దప్పి యేమని ఆశ్చర్యపడనక్కరలేదు. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. వానకాలమున గంగ, మహానది, గోదావరుల మంచినీరు వచ్చి కలియుటచే మన బంగాళాఖాతమున పైనీటి ఉప్పదనము కొంత తగ్గును గాని, అది దప్పి తీర్చునంతటి తగ్గుదల కాదు. మాగాయకు ఉప్పు కలిపిన మామిడి ముక్కలు మరునాటికి నీట తేలుటను ప్రతి గృహిణియు ఎరుగును. ముక్కలోనున్న నీటిని వెలుపలి ఉప్పు లాగివేయును. ఉప్పునేలలో చిక్కుకొన్న మామూలు మొక్క వేరునకును అదే గతి పట్టును. నేల తడిగనే యుండును, మొక్క యెండిపోవును.

సముద్రతీరపు మొక్క ఈ చిక్కును విడదీసికొన్న తీరు మెచ్చుకొనదగినది. ఉప్పుతో పోరాడక, దానిని కొంత తనలోనికే రానిచ్చును. వచ్చిన ఉప్పును కణములోని ప్రత్యేకమైన తిత్తిలో దాచి, జీవకార్యములు జరుగు భాగమునకు సోకనీయదు. లోపల ఉప్పున్నది గనుక వెలుపలి ఉప్పు ఇక నీటిని లాగుకొనజాలదు. లోపలి ఉప్పు మితిమీరకుండ ఆకులో నీటిని నిండుగా నింపుకొని దానిని పలుచన చేయును. తీరపు మొక్కల ఆకులు దళసరిగా, నొక్కినచో చిట్లునట్లుండుటకు కారణ మిదియే. వంగరెడ్డికూర యని కొన్ని చోట్ల పిలువబడు నేలబారు మొక్క ఇందుకు మంచి నిదర్శనము. దాని ఆకు నమలినచో ఉప్పగా నుండును. మాల్టా కొండలమీది 'సముద్రపు చెవి'కి దళసరి ఆకులున్న కారణమును ఇట్టిదే. మా మెట్టలలో నాగజెముడు, నల్లేరు, కలబంద నీటిని దాచుకొనుట వానలేమికి వెరచి. ఒడ్డున ఆ మొక్కలు దాచుకొనుట ఉప్పునకు వెరచి. భయములు వేరైనను ఉపాయ మొక్కటి.

మరియొక రహస్యము ఇసుకలో నున్నది. పల్లెకారులు ఒడ్డున ఇసుక తోడి చెలమ తీసినచో, అలలకు కొలది దూరముననే త్రాగదగిన నీరు ఊరుట కలదు. వాననీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటె తేలిక గనుక, దానిపై తేలుచు నిలుచును. ఇసుకదిబ్బ ఎంత ఎత్తుగా, ఎంత వెడల్పుగా నుండునో ఆ మంచినీటి పొర అంత మందముగా నుండును. తీరపు మొక్కల పొడవైన వేళ్ళు వెదకికొనుచు పోవునది ఆ పొరనే. దిబ్బను తొలగించినచో మొక్కయే కాదు, చెలమయు పోవును.

ఇప్పుడు ఆ మొక్కలలో ముఖ్యమైనదానిని పరిచయము చేసెదము. అలలు తాకు గీటు దాటి పొడియిసుక మొదలగు చోటనే, పొడవైన త్రాళ్ళవలె ప్రాకుచు, ఊదా కలిసిన గులాబిరంగు గొట్టపు పూలు పూయు తీగ యొకటి మీకు కనబడును. మన తోటలలోని కాశీరత్నమునకు ఇది దాయాది. దీనిని బలబంద తీగ యనియు, చెవులపిల్లి తీగ యనియు తెలుగున అందురు. ఆకు కొన నడుమ చీలి రెండు తమ్మెలుగా నుండును. ఐరోపా శాస్త్రజ్ఞులకు అది మేకగిట్టగా తోచినది. 1753లో లిన్నేయసు పెట్టిన లాటిను పేరునకు అర్థము మేకకాలనియే. మనవారికి కుందేలు చెవులు కనబడి చెవులపిల్లి తీగ యనిరి కాబోలునని మా ఊహ. మాల్టావారికి తమ మొక్కలో సముద్రపు చెవి వినబడుటయు, మనవారికి ఈ తీగలో చెవులు కనబడుటయు ఒక చిత్రమైన పొందిక.

ఈ తీగ చేయు పని చూడుడు. కణుపు కణుపునను ఇసుకలోనికి వేళ్ళు దింపుచు పదుల అడుగుల దూరము ప్రాకును. గాలి తెచ్చిన ఇసుక దానికి తగిలి ఆగును. ఆగిన ఇసుక తీగను కప్పివేయును. తీగ చావక, కప్పిన ఇసుకలోనికి కొత్త వేళ్ళు దింపి, పైకి కొత్త కొమ్మ తీయును. మరల ఇసుక వచ్చును. మరల తీగ లేచును. ఇట్లు ఏండ్లు గడచునప్పటికి అచట నొక దిబ్బ నిలుచును. ఏ యింజనీరును గీయని పటము ప్రకారము, ఏ పద్దునను ఖర్చు వ్రాయకుండ కట్టబడిన గట్టు అది. ఎత్తు లేని మొక్క గనుక తుపానుగాలి దానిని పడగొట్టజాలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు నగరములో మహావృక్షములు వేలకొలది కూలినవి. నేలను కరచుకొన్న తీగకు కూలుట యన్నది లేదు.

దీని విత్తనములు నూగుతో కప్పబడి, నీటిపై తేలుచు, సముద్రప్రవాహములలో నెలలతరబడి ప్రయాణము చేయగలవు. అందుచేతనే ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికాల ఉష్ణమండలపు తీరములన్నిటను ఈ తీగయే కనబడును. 1883లో క్రకటోవా అగ్నిపర్వతము బ్రద్దలై ఆ దీవి బూడిదపాలైన తరువాత, కొలది యేండ్లలోనే ఆ యొడ్డును మరల పచ్చగా చేసిన మొక్కలలో ఇది యొకటి. విత్తనములు ఉప్పునీట బ్రతుకునా యను ప్రశ్న డార్విను మహాశయుని కూడ వేధించినది. ఆయన ఇంటిలోనే ఉప్పునీటి పాత్రలలో 87 రకముల విత్తనములను నానబెట్టి చూడగా, 28 దినముల తరువాత వానిలో 64 రకములు మొలకెత్తినవి. ఆ ఫలితమును 1859 నాటి తన గ్రంథములో వ్రాసినాడు.

తీగకు తోడుగా నిలుచు గడ్డి యొకటి కలదు. దానిని తాకినవా రెవ్వరును మరువరు. ఆకు సూదివలె గుచ్చుకొనును. రావణాసురుని మీసములు అని దానికి పేరు. ఆ పేరు పెట్టిన తాతకు నమస్కరింపవలెను. ఈ గడ్డిలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు. ఆడమొక్క కంకి, ముండ్ల బంతివలె గుండ్రముగా నుండి, పండిన పిమ్మట విడివడి, గాలికి ఒడ్డువెంట దొర్లుచు పోవును. దొర్లుచు గింజలు రాల్చుకొనుచు, ఎచ్చట పల్లము తగులునో అచ్చట ఆగును. పిల్లలు దాని వెంట పరుగెత్తుట మేము చూచినాము. తీగకు విత్తనములు చల్లునది సముద్రము. ఈ గడ్డికి గాలి. ఇద్దరు కూలీలును జీతము అడుగరు.

వీని వెనుక వరుసలో మొగలి. దాని పూవు సువాసన అందరును ఎరిగినదే గాని, వాసన మగపూవునకే యని ఎరిగినవారు కొందరే. మనకు ఉత్తరమున, ఒరిస్సా గంజాం ప్రాంతమున, ఆ పూవునుండి అత్తరు తీయుట ఒక పెద్ద వృత్తి. వారికి ఒడ్డున మొగలి పొద ఉన్నంతవరకే ఆ జీవనము.

విశాఖతీరమునకు మాల్టాతో పోలిక మరియొకటి కలదు. గోదావరి, కృష్ణల ముఖద్వారములు బురదనేలలు, మడ అడవులు. విశాఖలో అట్లు కాక కొండలే వచ్చి సముద్రమును ముట్టుచున్నవి. యారాడకొండ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండ ఇట్టివి. ఈ కొండల రాతిని భూగర్భశాస్త్రజ్ఞులు ఖోండలైటు అందురు. తూర్పుకనుమలలోని ఖోండుజనుల పేరిట పెట్టిన పేరది. సింహాచలము కొండ రాయియు నదియే. ఇది శిథిలమైనపుడు గార్నెట్టు అను ఎర్రని చిన్న గింజలు ఇసుకలో కలిసి, అల వెనుకకు పోవునపుడు ఎర్రని చారలుగా కనబడును. ఈ రాళ్ళ సందులలో జెముడుజాతులు, నల్లేరు మొదలగునవి తలదాచుకొనును. మా పెరళ్ళలో పూజకు పూయు బిళ్ళగన్నేరు ఒడ్డు ఇసుకలో అంత సుఖముగా పెరుగుట చూచి కొందరు వింతపడుదురు. అది మడగాస్కరు దీవినుండి వచ్చిన మొక్క. ఎండ, ఇసుక దానికి పుట్టింటి సారె.

ఈ తీరపు ప్రకృతికిని మధ్యధరా దేశములకును ముడి వేసిన మహానుభావు డొకడు నిజముగనే కలడు. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1750 దశకమునుండి పదునైదేండ్లకు పైగా సిరియాలోని అలెప్పో నగరమున వైద్యము చేసినాడు. అటుతరువాత 1780 దశకారంభమున, విశాఖపట్టణమున కుంఫిణీ అధికారిగా నున్న తన సోదరుని వెంట ఇచ్చటికి వచ్చినాడు. పాములను, చేపలను, మొక్కలను సేకరించినాడు. 1785లో కుంఫిణీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడయ్యెను. విశాఖలో సేకరించిన 200 చేపల వర్ణనలు 1803లో లండనున గ్రంథముగా వెలువడినవి. ఆ గ్రంథమున ఆయన చేపలకు మన బెస్తలు చెప్పిన పేర్లనే వాడినాడు. విషసర్పమైన రక్తపింజరకు ఆయన వ్రాసికొన్న పేరు కాటుకరేకుల పొడ. ఆ పామునకు శాస్త్రమున నేడు రస్సెల్ పేరున్నది. కాటుకరేకుల పొడ యన్న చక్కని పేరు మనలో నెందరికి తెలియును?

కోరమాండల్ తీరపు మొక్కల సచిత్రగ్రంథము ఒకటి రావలెనని కుంఫిణీవారికి సూచించినవాడును రస్సెలే. ఆ పని నెరవేర్చినవాడు సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బరో. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో అది వెలువడినది. బొమ్మలు వేసినవారు మన దేశపు చిత్రకారులు. రాక్స్‌బరో కూడ మొక్కలకు తెలుగు పేర్లు అడిగి వ్రాసికొన్నాడు. రెండువందల యేండ్లకు పూర్వము పరదేశి యొకడు వచ్చి అడిగినపుడు పేరు చెప్పగలవారు ఒడ్డున నుండిరి. నేడు మన పిల్లవాడు అడిగినచో చెప్పగలవారు కొందరు వృద్ధ పల్లెకారులును, ఆంధ్ర విశ్వకళాపరిషత్తువంటి చోట్ల వృక్షశాస్త్రము చదివినవారును మాత్రమే. మొక్క నశించుటకు ముందు పేరు నశించును. పేరులేనిదానిని పెరికివేయుటకు ఎవ్వరికిని చేయి వణకదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. మాల్టా పూవు అరుదైనది. దానిని కాపాడుట న్యాయము. బలబంద తీగ లోకమంతట నున్నదని మీరే చెప్పితిరి, ఇక దానికి భయమేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే మేము ఇంతసేపు మాటాడితిమి. అరుదు రెండు విధములు. జాతి అరుదగుట యొకటి, చోటున అరుదగుట రెండవది. ఆస్ట్రేలియా ఒడ్డున ఎంత తీగ యున్నను, భీమిలి ఇసుకను అది పట్టి నిలుపదు. మా యిసుకను మా తీగయే పట్టవలెను.

మన తీరమున ఇసుక ఒకచోట కూర్చుండునది కాదు. అలలు ఏటవాలుగా తాకుటచే ఏడాది మొత్తము మీద ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. 1933లో ప్రారంభమైన విశాఖ ఓడరేవును నిర్మించినవారికి ఈ నడకయే పెద్ద తలనొప్పి. రేవు ముఖము పూడిపోకుండ రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపిరి. 1970 దశకమున వెలుపలి రేవునకు గోడలు కట్టిరి. గోడలకు దక్షిణమున ఇసుక ఆగును. ఉత్తరమున నున్న నగరపు టొడ్డునకు రావలసిన ఇసుక తగ్గును. అందుచే రేవులో తోడిన ఇసుకను గొట్టములద్వారా తెచ్చి నగరపు టొడ్డున పోయుచుండుట పరిపాటి అయినది. ఓడరేవు వలదని మేము అనము. దానివలన బ్రదుకుచున్న కుటుంబములు మా మండలమునను కలవు. కాని వ్యయప్రయాసలకోర్చి పోసిన ఇసుకను పట్టి యుంచగల తీగను, ఒడ్డు శుభ్రము చేయుట యను పేర చెత్తతోపాటు గీకివేయుట ఏపాటి వివేకమో తెలియదు. చెత్త ఏరివేయవలసినదే. తీగ చెత్త కాదు.

సరుగుడును గురించియు ఒక మాట. ఇది ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా ప్రాంతముల చెట్టు. 19వ శతాబ్దమున వంటచెరకు కొరకు కోరమాండల్ తీరమున విస్తారముగా నాటిరి. గాలికి అడ్డుగా అది మేలే. కాని దాని సన్నని ఆకులు రాలి చాపవలె పరచుకొన్నచోట ఇతర మొక్కలు లేచుట కష్టము. దానిని అలల అంచువరకు నాటక, వెనుక వరుసలో నాటి, ముందువరుస తీగకును గడ్డికిని విడిచినచో మేలని మా అభిప్రాయము.

భీమునిపట్టణమునకు ఈవల ఎర్రమట్టి దిబ్బలున్నవి. గడచిన హిమయుగమున, సుమారు 20,000 ఏండ్లకు పూర్వము, సముద్రమట్టము ఇప్పటికంటె 120 మీటర్లు దిగువన నుండెను. సముద్రమట్టము ఇట్లు హెచ్చుచు తగ్గుచుండిన యుగములలో గాలి తెచ్చిపోసిన ఇసుకయే ఆ దిబ్బలకు మూలమని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇనుపతుప్పు గింజగింజకును పట్టి ఎర్రనైనది. ఇట్టివి తమిళదేశపు దక్షిణతీరమునను, సింహళమునను గూడ కలవు. భారత భూగర్భ సర్వేక్షణవారు 2014లో దీనిని భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. 2024లో అచ్చట యంత్రములతో నేల చదును చేయబూనగా అలజడి రేగి పనులు నిలిపివేయవలసి వచ్చెను. 2025లో ఇది యునెస్కో ప్రపంచవారసత్వపు తాత్కాలిక పట్టికలో చేరినది. ఇసుక గాలికి ఎగిరిపోక దిబ్బగా నిలుచుటకు పైని పచ్చదనము కావలెనన్నది అచ్చటి వాగుల గండ్లను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

తీగను పూతతో చూడదలచినవారు ఉదయమే పోవలెను. పూవు సూర్యోదయముతో విచ్చి, మధ్యాహ్నమునకు ముడుచుకొనును. సాయంకాలము షికారు పోవువారికి అది కనబడదు. ఎండిన కాయలో నాలుగు గింజలుండును. నూగుతో గోధుమరంగున నుండు ఆ గింజలను రెండు మూడు తెచ్చుకొన్నచో తీగకు నష్టము లేదు. తీగను మాత్రము పెరుకరాదు. గింజ తోలు మిక్కిలి గట్టిది. సముద్రమున అన్ని నెలలు బ్రతుకునది ఆ తోలు వలననే. అందుచే ఇంట మొలిపింపదలచినవారు గింజను గరుకురాతిపై ఒకవైపు కొంచెము అరగదీసి, ఒక రాత్రి మంచినీట నానవేసి, ఇసుక నింపిన కుండలో నాటి, ఎండ తగులు చోట నుంచవలెను. మా సబ్బవరపు బడిపిల్లలు ఈ పరీక్ష చేసి చూడవచ్చును. అరగదీయని గింజనొకదానిని ప్రక్క కుండలో నాటినచో, ఏది ముందు లేచునో వారే చెప్పగలరు.